పలుకుబిళ్ల మౌనం

సంపూర్ణ చేసే ఉద్యోగం ఏమిటో చెప్పమంటే ఆమె మొగుడే తడుముకునేవాడు. "యంత్రాలు మొరాయించినప్పుడు అవేం అనాలో రాస్తుందండీ" అని ఒకసారి ఎవరిదో పెళ్లి భోజనాల దగ్గర చెప్పాడు. పక్క విస్తరి పెద్దమనిషి "మొరాయించిన యంత్రం ఏమంటే మాత్రం ఏం లాభమండీ" అని పులిహోరలో జీడిపప్పు ఏరుకున్నాడు. విశాఖపట్నంలో సముద్రం కనబడే కొండ మీద ఆమె పనిచేసే ప్రయోగశాలలోనూ ఆ పనికి అంతకంటే పెద్ద మర్యాదేం లేదు. అక్కడి కుర్రకారు ఆమె గదికి ఏడుపు విభాగం అని పేరు పెట్టి, తలుపు మీద సుద్దతో రాశారు. యంత్రం ఏడిస్తే ఆ ఏడుపుకి మాటలు కట్టేది అక్కడే కదా! సంపూర్ణ కూడా వాళ్లతో కలిసి నవ్వేసేది. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారు.

ఆ ప్రయోగశాల పేరుప్రతిష్ఠలన్నీ పలుకుబిళ్లవి. రూపాయి బిళ్లంత ఉంటుంది. పక్షవాతం వచ్చి నోరు పడిపోయినవాళ్లకు కుడి చెవి వెనక, చర్మం కింద పెడతారు. మనిషి ఏదైనా అనాలనుకోగానే మెదడు నాలుకకీ పెదవులకీ ఆజ్ఞలు పంపుతుంది కదా, వాటిని దారిలో నరం దగ్గరే పట్టుకుని ఆ మాటను తను పైకి పలుకుతుంది. మొట్టమొదట దాన్ని పెట్టించుకున్న రిటైర్డు రైలు గార్డు, ఏడాది మౌనం తర్వాత మొదటి మాటగా "ఈ ఆస్పత్రి టీ మనుషులు తాగేదేనా?" అన్నాడు. ప్రయోగశాల మొత్తం చప్పట్లు కొట్టి ఏడ్చింది.

అయితే ఆజ్ఞలు పట్టుకున్నంత మాత్రాన మాట రాదు. చిన్నప్పుడు ఏ ఊళ్లో నాలుక తిరగడం నేర్చిందో ఆ ఊరి పద్ధతి బిళ్లకు తెలియాలి. నెల్లూరు నాలుక సాగదీసే చోట నిజామాబాదు నాలుక చటుక్కున తెంపుతుంది. అందుకని ప్రాంతానికొక పలుకు పటం తయారుచేసి బిళ్లలో పెట్టారు. బిళ్ల బిగించే రోజున సిబ్బందిలో ఒకడు ఆ మనిషి గుర్తింపు కార్డు చూసి భాష, ప్రాంతం అనే రెండు గడులు నింపుతాడు. అంతే, బిళ్ల తన పటం తను వెతుక్కుంటుంది.

ఆ సోమవారం సమావేశంలో సంపూర్ణ ఒక మూల కూర్చుని ఉంది. బిళ్లలు తక్కువ, కావలసినవాళ్లు ఎక్కువ. నాలుగు నెలలైనా ఒక్క మాటైనా రాకపోతే ఆ మనిషిలో మాట పుట్టడమే లేదని తేల్చి, బిళ్ల తీసి మరొకరికి పెట్టడం నియమం. ఒకసారి తీస్తే అక్కడి నరం మచ్చకట్టిపోతుంది, ఆ చెవికి మళ్లీ పెట్టడానికి వీలుండదు.

"బరంపురం. కొత్తమ్మ. అరవై దాటిన మనిషి. ఫలితం శూన్యం" అని చదివాడు ప్రయోగశాల అధిపతి భుజంగరావు. పలుకుబిళ్ల ఆయన ఇరవై ఏళ్ల కష్టం. "శుక్రవారం డాక్టరు వెళ్లి తీసేస్తాడు. తర్వాతి కేసు."

సంపూర్ణ కళ్లు గోడ మీది తెరకే అతుక్కుపోయాయి. కొత్తమ్మ సంకేతాల గీత అక్కడ కనబడుతోంది. శూన్యం అయిన మనిషి గీత చెరువు నీళ్లలా పలచగా ఉండాలి. ఇది కార్తీక మాసపు సముద్రంలా ఎగిరెగిరి పడుతోంది.

"సార్, గీత ఇలా ఉంటే ఫలితం శూన్యం ఎలా అవుతుంది?"

"గొణుగుడు కూడా సంకేతమేనమ్మా. మాట కావాలి కదా."

"బిళ్ల ఏమంటోంది సార్?"

ఎవరో తెర కిందకి జరిపారు. కొత్తమ్మ మంచం పక్కన పెట్టిన చిన్న తెరపలకలో నాలుగు నెలలుగా కనబడుతున్న సందేశం అది: చెల్లని ప్రాంతీయ అమరిక. మూలస్థితి. ఫలితం: శూన్యం.

సంపూర్ణకు ఒళ్లు మండింది. ఆ వాక్యం ఏడుపు విభాగం పుట్టకముందు, సర్క్యూట్లు చేసేవాళ్లు తమ కోసం తాము రాసుకున్నది. ఎవరికీ తీరిక లేక అలాగే ఉండిపోయింది.

"చెల్లనిది ఏమిటి సార్? మనిషా, మనం నింపిన గడా? మూలస్థితి అంటే అప్పుడు బిళ్ల ఏం చేస్తుంది?"

"పటం దొరక్కపోతే నోరు మూసుకుంటుంది" అన్నాడొక ఇంజనీరు, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

"ఆ సంగతి ఎవరికి తెలుసు?"

"మాకు."

"బరంపురం డాక్టరుకి? ఆ ఇంట్లోవాళ్లకి?"

బిళ్ల నోరు మూసుకుని, ఫలితం శూన్యం అని ఆ మనిషి మీదకి నెట్టేసింది. తను పెట్టాల్సిన పటం తన దగ్గర లేదని మాత్రం చెప్పలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు!

భుజంగరావు చెడ్డవాడు కాదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఆ మౌనం ఎందుకు పెట్టాడో చెప్పాడు. తొలి రోజుల్లో ఒక ముసలాయనకి పొరపాటున వేరే ప్రాంతపు పటం పెట్టారు. బిళ్ల ముక్కలు ముక్కలుగా ఏదో పలికింది. కన్నకొడుకును ఇంట్లోకి రానివ్వొద్దన్నాడని ఇంట్లోవాళ్లు అర్థం చేసుకున్నారు. ఆయన అన్నది అది కాదని తేలేలోగా ఆయన పోయాడు. కొడుకు తండ్రికి తలకొరివి కూడా పెట్టలేకపోయాడు. "తప్పు మాట కంటే మౌనం మేలని ఆ రోజు నేనే రాయించానమ్మా" అన్నాడు. "నువ్వు వెళ్లి చూసి రా. కానీ సరైన పటమేదో తెలియకుండా, నా అనుమతి లేకుండా ఆమె చేత పలికించొద్దు."

*

బరంపురం ఒడిశాలో ఉన్నా అక్కడ తెలుగు తక్కువేమీ కాదు. స్టేషను బయట రిక్షా అతను ఒడియాలో బేరం మొదలుపెట్టి, సంపూర్ణ ముఖం చూసి తెలుగులో పూర్తిచేశాడు. పట్టు మగ్గాల వీధిలో ఇంటింటా మగ్గం టకటకలాడుతోంది. ప్రయోగశాలలో పటాలు గీసినవాళ్లు మాత్రం తెలుగంటే రెండు రాష్ట్రాలనుకుని, గోడ మీది మ్యాపులో సరిహద్దు గీత దగ్గర కత్తెర వేసేశారు. ఆ గీతకి ఇవతల లక్షల మంది వంకాయ కూర దగ్గర్నించి వల్లకాడు దాకా తెలుగులోనే మాట్లాడుకుంటున్నారని వాళ్లకు తట్టలేదు.

కొత్తమ్మ మొగుడు దండాసి పట్టుచీరలు నేసే మనిషి. సంపూర్ణను చూడగానే ముఖం మాడ్చుకున్నాడు.

"తీసీడానికొచ్చినారా? సుక్కురోరమన్నారు గదా."

"తీయడానికి కాదు బాబూ. చూడ్డానికి వచ్చాను."

"సూడ్డానికేటుంది? దానికి మాట పుట్టడం నేదంట. డాక్టరుబాబు సెప్పేసినాడు."

కిటికీ పక్కన కుర్చీలో కొత్తమ్మ కూర్చుని ఉంది. కుడి చెయ్యి ఒళ్లో చచ్చుపడి ఉంది. పలకా బలపం పట్టిన మనిషి కాదు, కాబట్టి ఎడమ చేత్తో రాసి చూపించే దారీ లేదు. జబ్బు చేసిన కొత్తలో వీధి ఆడవాళ్లంతా వచ్చి కూర్చునేవాళ్లట. మాట పుట్టని మనిషితో మాట్లాడి ఏం లాభమని ఒక్కొక్కరే మానేశారు. దండాసి కూడా మొదట్లో మగ్గం దగ్గర్నించి గట్టిగా కబుర్లు చెప్పేవాడు. ఇప్పుడు అన్నం తినిపించేటప్పుడు "ఆ" అంటాడు, అంతే. చంటిపిల్లకు తినిపించినట్టు.

సంపూర్ణ ఆమె చెవి వెనక బిళ్లకు తన పలకను కలిపింది. గీత లేచింది. ఆ కుర్చీలో మనిషి ఆపకుండా మాట్లాడుతోంది! నాలుగు నెలలుగా మాట్లాడుతూనే ఉంది, చెవి వెనక ఉన్న బిళ్ల అంతా వింటోంది, విని గుటకేస్తోంది.

గడుల్లో ఏముందో చూసింది. భాష: తెలుగు. ప్రాంతం: ఒడిశా. కార్డులో ఉన్న చిరునామా ప్రకారం ఎవరో నింపారు. అలాంటి జత బిళ్లలో లేదు. ఏదో ఒక పటం పెట్టేద్దామంటే ఒక్క శ్రీకాకుళం వైపే మూడు పటాలున్నాయి, గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఏదో ఒకటి ఎంచుకుంటే మళ్లీ ఆ ముసలాయన కథే అవుతుంది. ఇంటివాళ్లే చెప్పాలి. వాళ్లు చెప్పాలంటే బిళ్ల వాళ్లను అడగాలి. ఇలాంటి పలకలు ఇంకా ఎన్ని ఇళ్లలో ఉన్నాయో, అన్నిచోట్లకూ సంపూర్ణ రైలెక్కి వెళ్లలేదు కదా.

మగ్గం పక్కన అరుగు మీద కూర్చుని కొత్త సందేశం రాసింది. రాసి, తనకు తనే ముచ్చటపడి, దండాసికి చూపించింది: "తెలుగు–ఒడిశా అనే అమరిక అందుబాటులో లేదు. దయచేసి సరైన ప్రాంతాన్ని ఎంచుకోండి." కింద ప్రాంతాల వరస.

దండాసి తెలుగు బడిలో చదివినవాడు. తాపీగా చదివి, పలక పక్కన పెట్టేశాడు.

"ఇది మల్లీ మాదే తప్పంతంది."

"అయ్యో, కాదు బాబూ. మీ ప్రాంతం ఇందులో లేదని చెబుతోంది."

"సరైన పాంతం అంటే మాది సరైంది కాదనేగదా అమ్మా? అటెల్తే మీరు ఒడియావోలా అంతారు. ఇక్కడుంటే తెలుగోలంతారు. తాతల కాడ్నించి పడతన్నాం. ఇప్పుడు సెవి ఎనక బిల్ల కూడా మీది ఏ ఊరని అడగతంది."

సంపూర్ణకు తల కొట్టేసినట్టయింది. తను రాసింది శుభ్రమైన తెలుగే, అక్షరం తప్పు లేదు. అయినా అది ప్రయోగశాల కుర్చీలో కూర్చున్నవాళ్ల మాట. నా దగ్గర లేదు అనాల్సిన చోట మీది సరిగా లేదు అనేసింది. పాత సందేశం రాసినవాళ్లను తిట్టుకుంది గానీ, తనూ ఆ తాను ముక్కే.

"సరే, ఇలా అడుగుతాను" అంది. "కొత్తమ్మ గారిది ఏ ఊరు?"

"బరంపురం."

"మీది కాదు బాబూ, ఆవిడది."

దండాసికి నవ్వొచ్చింది. ఇంత చదివినమ్మాయికి ఇది కూడా తెలియదా అన్నట్టు చూశాడు. "ఆడదానికి ఏరే ఊరుంతాదేటి తల్లీ? నా పెల్లామయ్యాక నా ఊరే దాని ఊరు. నలపై ఏల్లయింది."

పలకలో గీత ఒక్కసారిగా పైకి తన్నింది. తెర అంచు దాటి పోయింది. సంపూర్ణ ఉలిక్కిపడి కొత్తమ్మ వైపు చూసింది. ఆ ముఖంలో కదలిక లేదు, కళ్లు మాత్రం మొగుణ్ణి కాల్చేస్తున్నాయి.

మగవాడు తన ఊరినే పెళ్లాం ఊరనుకున్నాడు. కార్డూ అదే అనుకుంది. పటాలు పెట్టి పుణ్యం కట్టుకున్న ప్రయోగశాల కూడా అదే అనుకుంది. పెళ్లైన ఆడది ఎక్కడ మాటలు నేర్చిందని ఏ గడీ అడగలేదు. నాలుకకి మొదట పడ్డ దారి మూడు ముళ్లు పడగానే మారిపోతుందా?

సంపూర్ణ పాత వాక్యాలన్నీ కొట్టేసి మొదటినించీ రాసింది. ఈసారి పటాల సంగతి పక్కన పెట్టి, ఆ ఇంట్లోవాళ్లకు ముందుగా ఏది తెలియాలో అది ముందు రాసింది. రాసి భుజంగరావుకు పంపి ఫోన్ చేసింది. ఆయన గట్టిగా చదువుకోవడం వినిపించింది.

"ఈమె మాట్లాడుతోంది. నాకు స్పష్టంగా అందుతోంది. ఈమెలో లోపం లేదు.

"ఈమె భాష తెలుగు, ప్రాంతం ఒడిశా అని నాకు చెప్పారు. ఆ పటం నా దగ్గర లేదు. అది పెట్టకపోవడం నన్ను తయారుచేసినవాళ్ల లోటు.

"ఏ పటం వాడాలో తెలియక నేను మౌనంగా ఉన్నాను.

"ఈమె చిన్నప్పుడు, పెళ్లికి ముందు, ఏ ఊళ్లో మాటలు నేర్చుకుందో చెప్పండి. దగ్గరి పటంతో పలుకుతాను. సరిగా లేకపోతే ఆపమనండి, ఆపేస్తాను."

చదవడం అయ్యాక ఆయన మధ్యలో ఒక వాక్యం దగ్గరికి వెనక్కి వచ్చాడు.

"అమ్మా సంపూర్ణా, తయారుచేసినవాళ్ల లోటు అని బిళ్ల చేతే చెప్పిస్తావా? వకీళ్లు మన పీక పట్టుకుంటారు."

"లోటు మనదే కదా సార్. మన పేరు చెప్పకపోతే ఆ తప్పు ఎవరి నెత్తిన పడుతోందో ఇక్కడ చూస్తున్నాను. ఈయన పెళ్లాంతో మాట్లాడడం మానేశాడు సార్!"

"తప్పు మాట వస్తే?"

"ఆపమని అడిగే హక్కు ఇచ్చాం కదా. మౌనాన్ని ఆపమనే హక్కు ఎవరికీ ఇవ్వలేదు సార్."

"ఆమెకు ఇష్టమేనా?"

సంపూర్ణ కొత్తమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తను ఏం చేయబోతోందో అంతా చెప్పింది, తప్పు రావచ్చని కూడా చెప్పింది. కొత్తమ్మ ఎడమ చెయ్యి లేచి సంపూర్ణ మణికట్టు పట్టుకుంది. గాజులు నొక్కుకుని నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది, వదల్లేదు.

"ఇష్టమే సార్" అంది సంపూర్ణ.

"పలికించు. అనుమతి నాది, ఏమైనా అయితే బాధ్యతా నాదే" అన్నాడు భుజంగరావు.

దండాసి సందేశం చదివాడు. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. మళ్లీ చదివాడు. పెళ్లాం వైపు చూసి, మళ్లీ పలక చూశాడు.

"మాటాడతందా?" అన్నాడు. "ఇన్నాల్లూ మాటాడతందా ఇది?"

"మాట్లాడుతూనే ఉంది బాబూ. పెళ్లికి ముందు ఎక్కడుండేది?"

"బారువ. సముద్దరం ఒడ్డున. కన్నోరిల్లు అక్కడే" అంటూ ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు.

సంపూర్ణ ఆ ఊరి పేరు నొక్కింది. "శ్రీకాకుళం తీరపు పటంతో పలుకుతున్నాను" అంది పలక. చెవి వెనక చిన్నగా గరగరమంది. తర్వాత ఒక గొంతు వచ్చింది. యంత్రపు గొంతే, కానీ ఆ విరుపు, ఆ దీర్ఘం ఏ యంత్రానికీ సొంతం కావు.

"ఓలమ్మా! ఇన్నాల్లకి నన్నడిగినారే!"

దండాసి చేతిలో దారపు కండె కింద పడి దొర్లింది.

"ఆ సూపేటి? నానే. మజ్జిగల ఉప్పేసి ఉప్పేసి నా నాలిక కాల్చేసినావు గదరా అయ్యా! వొద్దు వొద్దని ఎంత మొత్తుకున్నాను! నా ఊరు బరంపురమంతావా? మా నాయిన బారువల నన్ను బుజాన ఏసుకుని తిప్పినాడు, అదెవురి ఊరు మరి?"

"తప్పుగా పలుకుతోందా? ఆపమంటారా బాబూ?" అని అడిగింది సంపూర్ణ, నియమం ప్రకారం.

"ఆపుతావేటమ్మా!" అని అరిచాడు దండాసి. ఏడుస్తూ నవ్వుతూ వెళ్లి వీధి తలుపులు బార్లా తీశాడు, కిటికీ రెక్కలు తోసేశాడు. "మా ఇంటిదేనమ్మా ఇది! ఈ తిట్లు దానివే! ఈదంతా ఇననీ!"

పక్కింట్లో మగ్గం ఆగింది. ఎదురింట్లో ఆగింది. ఆ చివరి దాకా ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. ఆడవాళ్లు చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కొత్తమ్మ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, ఎవరు ఎప్పుడు రావడం మానేశారో చెప్పి మరీ కడిగేసింది. తిట్టించుకున్నవాళ్లంతా ఆమెను పట్టుకుని ఏడ్చారు. ఇంత సంతోషంగా తిట్లు తిన్న వీధిని సంపూర్ణ ఎన్నడూ చూడలేదు. తనకీ కన్నీళ్లు ఆగలేదు, ఆపాలని కూడా అనుకోలేదు.

జనం పలచబడ్డాక కొత్తమ్మ ఆమెను దగ్గరికి పిలిచింది.

"అమ్మీ, నాది తీసీబోయినారు గదా సుక్కురోరం?"

"అవునమ్మా."

"నాలాగ ఊరడక్కుండా, ఇదివరకెంతమందికి తీసీసినారు?"

దారి పొడుగునా రైల్లో ఆ ప్రశ్న సంపూర్ణతోనే కూర్చుని వచ్చింది.

*

కొత్త సందేశం ఆ వారమే పలుకుబిళ్లలన్నిటికీ వెళ్లింది. పాత సందేశంతో మూగగా పడి ఉన్న పలకలన్నీ ఒక్కసారి ఇంట్లోవాళ్లను అడగడం మొదలుపెట్టాయి. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఒకామె చిన్నప్పటి ఊరు పాలకొల్లని మనవరాలు చెప్పింది. వెంటనే ఆ ముసలమ్మ, పిల్లలకు ఇంతవరకూ చెప్పని పూతరేకుల కిటుకు చెప్పేసింది. బళ్లారిలో ఒక మేస్త్రీ కూలీల పేర్లు వరసగా పిలిచి హాజరు వేసుకున్నాడు. జగదల్‌పూర్‌లో ఒక కొత్త తండ్రి, పుట్టినప్పటినించీ ఎత్తుకోవడమే తప్ప పిలవలేకపోయిన కూతుర్ని పేరుపెట్టి పిలిచాడు. ప్రయోగశాలలో ఎవరి దగ్గర ఫోన్ మోగినా మిగతావాళ్లు పనులు వదిలి చుట్టూ మూగేవారు. సర్క్యూట్ల ఇంజనీర్లు మిఠాయి పొట్లం పట్టుకుని ఏడుపు విభాగానికి వచ్చారు. గది తలుపు మీద ఎవరో ఆ పేరు చెరిపేశారు. సంపూర్ణ ఊరుకోలేదు, తనే సుద్దముక్క తెచ్చి ఇంకా పెద్ద అక్షరాల్లో రాసుకుంది.

అయితే కొత్తమ్మ అడిగినదానికి జవాబు దొరికింది. బిళ్లలు తీసేసినవాళ్ల పాత గీతలన్నీ సంపూర్ణ బయటికి తీయించింది. పది మందికి పైగా ఉన్నారు. హోసూరు, చెన్నై, గడ్చిరోలి, రాయచూరు, అన్నీ సరిహద్దు గీతకి అవతలి ఊళ్లు. కొందరి గీతలు నిజంగానే పలచగా ఉన్నాయి. ఎక్కువమందివి కొత్తమ్మ గీతలాగే ఎగిరెగిరి పడుతున్నాయి. వాళ్లందరూ మాట్లాడుతుండగానే బిళ్లలు తీసేశారు.

భుజంగరావు ఆ గీతలన్నీ ఒక్కొక్కటిగా చూసి కుర్చీలో కూలబడ్డాడు. ఇరవై ఏళ్లలో ఆయన అలా కూలబడడం ఎవరూ చూడలేదు. తర్వాత ఒక కాగితం మీద ఏదో రాసి సంపూర్ణకు ఇచ్చాడు. "వాళ్లకు చెప్పాలి కదమ్మా. ఇలా చెబుదామనుకుంటున్నాను."

"కొన్ని అనివార్య సాంకేతిక పరిమితుల వల్ల గతంలో ఆశించిన ఫలితాలు లభించకపోయి ఉండవచ్చునని తెలియజేయుటకు చింతిస్తున్నాము" అని ఉంది అందులో.

సంపూర్ణ కాగితం మడిచి ఆయన చేతిలోనే పెట్టేసింది. ఆయన అంటే భయం ఉండేది ఆమెకు. ఆ రోజు లేదు.

"ఇది కూడా చెల్లని అమరికే సార్. ఎవరికి ఏమైంది ఇందులో? ఎవరు చేశారు? ఇప్పుడేం చేయాలి? బిళ్లకొక న్యాయం, మనకొక న్యాయమా?"

ఆయన ముఖం ఎర్రబడింది. కోప్పడతాడనుకుంది. ఆయన కాగితం తిప్పి ఖాళీ వైపు పైకి పెట్టి, "చెప్పు. రాసుకుంటాను" అన్నాడు.

"నేను చెప్పడం ఎందుకు సార్? మీకు తెలుసు."

ఆయన రాసుకున్నాడు. రాసింది చేత్తో పట్టుకుని మొట్టమొదట హోసూరుకు వీడియో కాల్ చేశాడు. సంపూర్ణను పక్కన కూర్చోమన్నాడు. అక్కడ మునెమ్మ అని ఒకావిడ, పూల మండీలో ముప్పై ఏళ్లు గొంతు చించుకుని వేలం పాడిన మనిషి. రెండేళ్ల కిందట బిళ్ల తీసేశారు. కూతురు ఫోన్ ఎత్తింది.

"మీరా సార్?" అంది, ఉత్సాహం లేకుండా. "అమ్మకి మాటే పుట్టలేదని సెప్పినారు కదా. ఇంగేముంది?"

"అమ్మగారికి కూడా వినిపించేలా పెట్టమ్మా" అన్నాడాయన.

తెర మీద మునెమ్మ కనబడింది. బుట్ట ముందు పెట్టుకుని కనకాంబరాలు విడదీస్తోంది. తలెత్తి చూసి, మళ్లీ పూలలోకి దించుకుంది.

భుజంగరావు కాగితం చూడ్డం మానేశాడు.

"మునెమ్మ గారూ, మీకు బిళ్ల పెట్టినప్పుడు మీరు మాట్లాడారు. రోజూ మాట్లాడారు. మీలో ఏ లోపమూ లేదు. మీ ఊరి తెలుగు పటం మేం బిళ్లలో పెట్టలేదు. అందుకని అది పలకలేదు. అది చూసి మీలో మాట పుట్టడం లేదని చెప్పి, బిళ్ల తీసేశాం. తప్పు మాది. ముఖ్యంగా నాది. ఆ చెవికి మళ్లీ పెట్టడం కుదరదు. రెండో చెవి వెనక ఇంతవరకూ ఎవరికీ పెట్టలేదు, పని చేస్తుందని మాట ఇవ్వలేను. మీకు ఇష్టమైతే..."

ఆయన వాక్యం పూర్తి కాలేదు. మునెమ్మ చేతుల్లో పూలు ఆగిపోయాయి. కూతురి భుజం పట్టి కుదిపింది. తన నుదురు తాకి చూపించింది, తర్వాత వీధి వైపు చెయ్యి చాపింది.

"విన్నావా, నా బుర్ర బాగానే ఉండాది అని ఊరికంతా సెప్పమంటా ఉండాది సార్" అంది కూతురు. "సార్... రెండేళ్లు మేము అమ్మని ఏమీ అడగనే లేదు సార్."

"ఇప్పుడు అడగమ్మా" అంది సంపూర్ణ. "రెండో చెవికి పెట్టించుకుంటారేమో అడుగు."

"అడిగేదేముంది మేడమ్" అంది కూతురు, ఏడుపులోనే నవ్వుతూ ఫోన్ పక్కకి తిప్పింది. "మీరే సూడండి."

మునెమ్మ జడ ఎప్పుడో పక్కకి లాగేసుకుంది. ఎడమ చెవి తెరకు ఆనించి కూర్చుంది.